కొండబాటకు పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులకు ఏం నేర్పాలి?

ప్రశ్న: పిల్లలను, యువకులను కొండలకు, అడవులకు తీసుకెళ్లే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే బాధ్యత మా సంస్థ నాకు అప్పగించింది. ప్రకృతికి హాని కలగకుండా ఎలా నడవాలి, ఎక్కడ బస చేయాలి, చెత్తను ఏం చేయాలి అన్న విషయాలను ఒక రోజంతా తరగతి గదిలో చిత్రాలతో సహా వివరించాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. చివర్లో పెట్టిన పరీక్షలో అందరికీ మంచి మార్కులే వచ్చాయి. తీరా చూస్తే పిల్లలతో వెళ్లిన మొదటి యాత్రలోనే వాగు ఒడ్డున గుడారాలు వేశారు, నెగడు కోసం కొమ్మలు విరిచారు, పండ్ల తొక్కలు పొదల్లోకి విసిరారు. అడిగితే 'అక్కడ వీలుపడలేదు' అన్నారు. అందరికంటే అనుభవం ఉన్న ఒకాయన 'ఇన్నేళ్లుగా తిరుగుతున్నాం, అడవికి ఏమైంది?' అని ఎదురు ప్రశ్న వేశారు. లోపం ఎక్కడుంది? శిక్షణను ఎలా మార్చాలి? ధ్రువపత్రం ఇచ్చే కోర్సులకు పంపితే సరిపోతుందా?

సమాధానం: మీ ఉపాధ్యాయులు సాకు చెప్పారని అనుకోకండి. 'వీలుపడలేదు' అన్న మాట నిజమే అయి ఉంటుంది. పొద్దు వాలుతోంది, పిల్లలు అలసిపోయారు, ఒకరిద్దరికి కాళ్లు బొబ్బలెక్కాయి, కనుచూపు మేరలో చదునైన నేల వాగు ఒడ్డునే ఉంది. నీటికి 200 అడుగుల దూరంలో బస చేయాలని వాళ్లకు తెలుసు. పరీక్షలో రాశారు కూడా. కానీ అలాంటి చోటు వెతకడానికి ఎంతసేపు పడుతుందో, అందుకోసం మధ్యాహ్నం ఏ వేళకు నడక ఆపాలో, ఉన్న రెండు చోట్లూ బాగాలేనప్పుడు దేనికి తక్కువ నష్టమో తేల్చుకోవడం ఎలాగో వాళ్లకు ఎవరూ చేసి చూపించలేదు. మీరు నియమాలు నేర్పారు. అక్కడ వాళ్లకు అవసరమైనది నేలను చూసి నిర్ణయం తీసుకునే నేర్పు. అది గోడల మధ్య అలవడదు. మీ శిక్షణలో మార్చవలసిన మొదటి విషయం ఇదే, మిగిలినవన్నీ దీని వెంటే వస్తాయి.

ఈ రంగం కూడా ఇదే దారిలో నడిచి వచ్చింది. అమెరికాలో 1960లు, 70లలో వీపున సంచి వేసుకుని అడవుల్లోకి వెళ్లేవారి సంఖ్య బాగా పెరిగింది. బాటలు వెడల్పయ్యాయి, సరస్సుల ఒడ్లు బోడిబారాయి, ఎక్కడ చూసినా నెగళ్ల మసి కనిపించసాగింది. అక్కడి అటవీ శాఖ, జాతీయ ఉద్యానవనాల సంస్థ ముందు కరపత్రాలు పంచాయి, బోర్డులు పెట్టాయి. ఆ తర్వాత, 1965లో మొదలైన 'నోల్స్' అనే బహిరంగ నాయకత్వ పాఠశాలతో అటవీ శాఖ చేతులు కలిపి, క్షేత్రంలోనే నేర్పే కోర్సులకు రూపం ఇచ్చింది. ఈ పనిని చూసుకోవడానికి 1994లో ఒక లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. 'లీవ్ నో ట్రేస్' (ఆనవాలు మిగల్చకండి) అనే పేరుతో అందరికీ తెలిసినది అదే. ముందుగా సిద్ధపడటం, గట్టి నేల మీదే నడవడం, బస చేయడం, వ్యర్థాలను సరిగ్గా పారవేయడం, కనిపించినవాటిని అక్కడే వదిలిపెట్టడం, నిప్పుతో జాగ్రత్త, వన్యప్రాణుల పట్ల గౌరవం, తోటి సందర్శకుల పట్ల మర్యాద అన్న ఏడు సూత్రాలు ఆ సంస్థవే. అయితే ఈ ఏడింటిని కంఠస్థం చేయించడం వాళ్ల కోర్సుల ఉద్దేశం కాదు. రెండు రోజుల కోర్సులోనైనా సాధారణంగా ఒక రాత్రి ఆరుబయట గడుపుతారు. అయిదు రోజుల కోర్సు దాదాపు అంతా క్షేత్రంలోనే సాగుతుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక అంశాన్ని ఎంచుకుని తోటివారికి పాఠం చెప్పి తీరాలి. మీరు అరువు తెచ్చుకోవలసింది ఈ ఏర్పాటును.

కాబట్టి తరగతి గదికి ఒక పూట చాలు. దాన్ని కూడా ప్రణాళిక కోసమే వాడుకోండి. రాబోయే యాత్ర పటం ముందు పెట్టి, 'ఇక్కడ ఎన్ని గంటలకు ఆగుతారు? ఆ చోటు అప్పటికే నిండిపోయి ఉంటే ఎక్కడికి వెళతారు? పది మంది దాటితే రెండు జట్లుగా విడదీస్తారా?' అని అడగండి. వాగు ఒడ్డున గుడారాలు వేసిన తప్పు నిజానికి సాయంత్రం జరిగింది కాదు. ఆ రోజు ఉదయం ఎంత దూరం నడవాలో నిర్ణయించినప్పుడే అది జరిగిపోయింది. ఈ ఒక్క విషయం మీ వాళ్లకు స్పష్టమైతే సగం బరువు దిగినట్టే. మిగతా సమయమంతా బయటే గడపండి. ఒక రాత్రి తప్పనిసరిగా ఉండండి. చీకటి, ఆకలి, అలసట, తెల్లవారుజామున మరుగుకు వెళ్లవలసిన అవసరం ఇవన్నీ ఉన్నప్పుడే నియమాలకు, మనుషులకు మధ్య పెనుగులాట మొదలవుతుంది. శిక్షణ పొందేవాళ్లు ఆ పెనుగులాటను ఒకసారి సొంతంగా అనుభవించి ఉండాలి.

బస చేసే చోటు దగ్గర నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఆలోచన అన్నిటికంటే ఎక్కువగా అవసరమయ్యేది అక్కడే. వినోద యాత్రల వల్ల నేలకు, మొక్కలకు కలిగే నష్టాన్ని డేవిడ్ కోల్, జెఫ్రీ మారియన్ వంటి పరిశోధకులు దశాబ్దాలపాటు కొలిచారు. వాళ్లు గుర్తించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఎవరూ తొక్కని పచ్చిక మీద మొదటి కొద్దిపాటి తొక్కిడికే నష్టంలో చాలా భాగం జరిగిపోతుంది. ఆ తర్వాత అదే చోట ఎంతమంది తిరిగినా అదనంగా కలిగే నష్టం అంత వేగంగా పెరగదు. దీన్నుంచి రెండు వ్యతిరేక సలహాలు పుడతాయి. జనం బాగా తిరిగే ప్రాంతంలో అప్పటికే బోడిబారిన చోటే గుడారం వేయాలి, బాట మధ్యలోనే నడవాలి, బురదగా ఉన్నా పక్కకు తప్పుకోకూడదు. ఎవరూ తిరగని ప్రాంతంలో మాత్రం ఒకరి అడుగులో ఒకరు అడుగు వేయకూడదు. విడివిడిగా నడవాలి, గుడారాలను దూరదూరంగా వేయాలి, ఒకే చోట ఎక్కువ రాత్రులు ఉండకూడదు. ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంది. గడ్డి కాస్త వంగి, అక్కడక్కడ మట్టి బయటపడి, నష్టం ఇప్పుడిప్పుడే మొదలవుతున్న చోటు. చూడటానికి ఎంతో అనువుగా కనిపించేది అదే, కచ్చితంగా వదిలేయవలసిందీ అదే. అలా వదిలేస్తేనే అది కోలుకుంటుంది.

ఇదంతా ఉపన్యాసంలో చెబితే వినేవాళ్లకు గందరగోళమే మిగులుతుంది. నేల మీద చూపిస్తే మరిచిపోరు. మీ వాళ్లను ఇద్దరిద్దరుగా పంపి, 'ఈ రాత్రికి మీరు పడుకునే చోటు ఎంచుకుని రండి' అని చెప్పండి. తిరిగి వచ్చాక అందరూ కలిసి ఒక్కో చోటికీ వెళ్లాలి. ఎంచుకున్నవాళ్లు తమ ఎంపికను సమర్థించుకోవాలి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేలను చేత్తో తడమమనండి. పైన ఎండుటాకులు పరుచుకున్న మట్టి మెత్తగా, గుల్లగా ఉందా? బాట పక్కన జనం తొక్కిన మట్టి ఎంత గట్టిపడిందో వేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. అలా గట్టిపడిన నేలలో నీరు ఇంకదు, మొక్కల వేళ్లకు గాలి ఆడదు, పడిన విత్తనం మొలవడం కష్టం. బండ, ఇసుక, గులకరాళ్లు, ఎండిన గడ్డి మన బరువును తట్టుకుంటాయి. నాచు, లేత పచ్చిక, తడిసిన నేల తట్టుకోవు. ఎడారి ప్రాంతాల్లో నల్లగా, గరుకుగా కనిపించే మట్టి పొర నిజానికి సూక్ష్మజీవులు, నాచులు కలిసి కట్టిన సజీవమైన పెచ్చు. ఒక్క అడుగుతో అది నలిగిపోతుంది, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

200 అడుగులు అన్న అంకెను కూడా అలాగే శరీరానికి నేర్పాలి. పెద్దవాళ్ల నడకలో అది దాదాపు 70 అంగలు. కానీ పొడవాటి మనిషి అంగ వేరు, పొట్టివాళ్ల అంగ వేరు, వాలు మీద ఇద్దరివీ కురచవుతాయి. ఒక తాడుతో 200 అడుగులు కొలిచి పరచండి. ప్రతి ఒక్కరూ దాని వెంట నడిచి తమ అంగలు ఎన్నో లెక్కపెట్టుకోవాలి. ఆ తర్వాత తాడు తీసేసి, వాగు నుంచి కంటి అంచనాతో 200 అడుగుల చోట నిలబడమనండి. చాలామంది సగం దూరంలోనే ఆగిపోతారు. ఆ తేడాను కళ్లతో చూసినవాళ్లు ఆ తర్వాత ఊహించరు, లెక్కపెట్టుకుంటారు.

ఇప్పుడు మలవిసర్జన గురించి. శిక్షకులు సిగ్గుపడి రెండు నిమిషాల్లో దాటేసే అంశం ఇది. రోగాల పరంగా అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఉన్నదీ ఇందులోనే. అందుకే దీనికి తీరుబడిగా సమయం ఇవ్వండి. నీటికి, బాటకు, బసకు 200 అడుగుల దూరంలో, 6 నుంచి 8 అంగుళాల లోతు, 4 నుంచి 6 అంగుళాల వెడల్పు ఉండే గొయ్యి తవ్వాలి. ప్రతి ఒక్కరి చేతికీ చిన్న చేతిపార ఇచ్చి నిజంగా తవ్వించండి. పార పిడి మీద ముందే అంగుళాల గుర్తులు పెట్టించండి. మూడు అంగుళాలు దిగేసరికి చెట్ల వేళ్లు అడ్డుపడతాయి, రాయి తగులుతుంది, చాలామంది 'చాలు' అంటారు. అక్కడ ఆపకండి. చోటు మార్చి మళ్లీ తవ్వమనండి. పైన ఎండుటాకులు కుళ్లి నల్లబడిన మట్టి పొర ఎంత మందం ఉందో, దాని కింద రంగు ఎక్కడ మారిందో గోతి అంచున చూపించండి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆ పై పొరలోనే. మరీ లోతుగా తవ్వితే వాటి పని మందగిస్తుంది, మరీ పైపైన తవ్వితే జంతువులు పెళ్లగిస్తాయి, వాన కడిగి వాగులో కలుపుతుంది. కారణం ఇలా కళ్లకు కనిపిస్తే అంకె దానంతటదే గుర్తుంటుంది.

పూడ్చేస్తే పని అయిపోయినట్టేనని కూడా అనుకోనివ్వకండి. మోంటానా పర్వతాల్లో 1980ల తొలి నాళ్లలో జరిగిన అధ్యయనంలో, పూడ్చిన మలంలోని రోగకారక బ్యాక్టీరియా దాదాపు ఏడాది తర్వాత కూడా బతికే ఉన్నట్టు తేలింది. అందుకే మట్టి లేని చోట, మంచు మీద, ఇరుకైన లోయల్లో మలాన్ని సంచిలో వెంట తెచ్చుకోవడమే పద్ధతి. గ్రాండ్ కాన్యన్ నదీ యాత్రల్లో, కాలిఫోర్నియాలోని మౌంట్ విట్నీ మీద ఇది నియమం కూడా. మీ వాళ్లలో కొందరికి ఇది వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందిని శిక్షణలోనే దాటించాలి. గురువు తడబడితే పదమూడేళ్ల పిల్ల అడగడానికే భయపడుతుంది, చీకట్లో ఏదో ఒక పొద చాటుకు వెళుతుంది. ఆడపిల్లలకు నెలసరి సమయంలో వాడినవాటిని మూసిపెట్టి తెచ్చుకునే ముదురు రంగు సంచి ఎలా ఇవ్వాలో, ఆ విషయం ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో చెప్పాలో కూడా సాధన చేయించండి. వాటిని పూడ్చకూడదు, కాల్చకూడదు.

పండ్ల తొక్కల గురించి అడిగితే 'అది సహజమైనదే కదా, మట్టిలో కలిసిపోతుంది' అన్న జవాబు వస్తుంది. కలిసిపోతుంది, కానీ నెలలు పడుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. బాట పక్కన తిండి దొరుకుతుందని నేర్చుకున్న జంతువు మనిషికి భయపడటం మానేస్తుంది, సంచులు లాక్కోవడం మొదలుపెడుతుంది. చివరికి దాన్ని అక్కడి నుంచి తరలించవలసి వస్తుంది, కొన్ని చోట్ల చంపేస్తారు కూడా. గిన్నెలు కడిగిన నీళ్లలోని మెతుకులను వడకట్టి వెంట తెచ్చుకోమని, ఆ నీటిని వాగుకు దూరంగా చల్లమని చెప్పేదీ ఇందుకే. మట్టిలో కలిసిపోతుందని చెప్పి అమ్మే సబ్బు కూడా నీళ్లలో కలవకూడదు, అది విడిపోవడానికి మట్టే కావాలి.

నెగడు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వంటకు స్టవ్వు వాడాలి, నెగడు ప్రతి రాత్రీ అవసరం లేదు. అయినా నెగడు వేయడం నేర్పకుండా వదిలేయకండి. నేర్పకపోతే వేయడం మానరు, తప్పుగా వేస్తారు. ముందు నిప్పు మీద నిషేధం ఉందా, గాలి ఎలా ఉంది, రాలిపడిన పుల్లలు సరిపడా ఉన్నాయా అని చూడాలి. మణికట్టు కంటే లావు లేని, చేత్తో విరవగలిగే, చచ్చి నేలరాలిన పుల్లలనే దూరదూరం నుంచి ఏరాలి. చెట్టుకు ఉన్న ఎండుకొమ్మ పక్షికి గూడు కావచ్చు, దాన్ని ముట్టకూడదు. ముందే ఉన్న నెగడు గుంట లేకపోతే, నేల మీద ఒక గుడ్డ పరిచి, దాని మీద ఆకుల చెత్త లేని మట్టిని కొన్ని అంగుళాల మందాన దిమ్మెలా పోసి, ఆ దిమ్మె మీద చిన్న మంట వేయాలి. కింద ఉన్న నేల కాలకుండా ఉంటుంది. పుల్లలన్నీ తెల్లటి బూడిద అయ్యేదాకా కాల్చి, నీళ్లు పోసి కలిపి, చేయి పెట్టి చూస్తే చల్లగా ఉండాలి. ఆపై మట్టిని తెచ్చిన చోటే తిరిగి పోయాలి. ఇదంతా చేయించడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. ఒకసారి చేసినవాళ్లలో చాలామంది, పిల్లలతో ఉన్నప్పుడు ఇంత శ్రమ అవసరమా అని ఆలోచించి, దీపం చుట్టూ కూర్చుని కథలు చెప్పుకోవడమే మేలని వాళ్లంతట వాళ్లే నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం మీరు చెప్పి ఒప్పించిన దానికంటే బలంగా నిలుస్తుంది.

నైపుణ్యాలు వచ్చాక అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే మీ దగ్గరికి వచ్చింది యాత్రికులు కాదు, ఉపాధ్యాయులు. ప్రతి ఒక్కరికీ ఒక అంశం ఇచ్చి పదిహేను, ఇరవై నిమిషాల పాఠం బయటే చెప్పించండి. ఉపన్యాసం ఒప్పుకోకండి. వినేవాళ్ల చేతులు ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. ఇక్కడ మీ కళ్లు పాఠం చెప్పేవారి నోటి మీద కాకుండా వినేవాళ్ల కాళ్ల మీద ఉండాలి. గట్టి నేల గురించి ఎంతో చక్కగా వివరిస్తూనే పన్నెండు మందిని లేత పచ్చిక మీద గుండ్రంగా నిలబెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. పాఠం అయ్యాక ఏమీ అనకండి. అందరినీ నాలుగు అడుగులు వెనక్కి జరగమని చెప్పి, నిలబడిన చోటును చూడమనండి. పడిపోయిన గడ్డి పరకలు, నలిగిన ఒకటి రెండు పూలు, మడమల గుర్తులు వలయాకారంలో కనిపిస్తాయి. చెప్పినవారికి విషయం అర్థమవుతుంది. మీరు విమర్శించవలసిన అవసరమే రాదు. ఆ తర్వాత అదే పాఠాన్ని బండ మీద మళ్లీ చెప్పే అవకాశం ఇవ్వండి. రెండో అవకాశం లేని సాధన మనిషిని చిన్నబుచ్చుతుందే గాని మెరుగుపరచదు.

మాట తీరు మీద కూడా ఒక పూట ఖర్చు పెట్టండి. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానవనంలో రాయిగా మారిన ప్రాచీన కలప ముక్కలను సందర్శకులు జేబుల్లో వేసుకుని వెళ్లేవారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీని బృందం అక్కడి బాటల మీద గుర్తు పెట్టిన ముక్కలు ఉంచి, రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. 'గతంలో చాలామంది వీటిని తీసుకెళ్లారు, దానివల్ల అడవి రూపు మారిపోయింది' అన్న బోర్డు ఉన్నప్పుడు దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. 'దయచేసి తీసుకెళ్లకండి' అని మాత్రమే ఉన్నప్పుడు 2 శాతం కూడా పోలేదు. అందరూ చేస్తున్నారని బాధపడుతూ చెప్పినా, వినేవాడికి 'అయితే అందరూ చేస్తారన్నమాట' అనే వినిపిస్తుంది. మన ఉపాధ్యాయులు పిల్లలతో 'చూడండి, జనం ఎంత చెత్త వేస్తున్నారో, ఎవరికీ పట్టదు' అని నిట్టూర్చడం ఈ కారణంగానే మానుకోవాలి. శుభ్రంగా ఉన్న బాటను చూపించి, 'మన ముందు వెళ్లినవాళ్లు ఇలా ఉంచి వెళ్లారు' అనడం మేలు.

తప్పు చేస్తున్న అపరిచితుడితో ఎలా మాట్లాడాలన్నది మరో సాధన. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ వాలస్ 1990లో వివరించిన పద్ధతి నాకు ఇప్పటికీ అన్నిటికంటే గౌరవంగా అనిపిస్తుంది. నియమం పేరుతోనో, అధికారం పేరుతోనో మాట్లాడకుండా, ప్రకృతికి ఏం అవసరమో దాన్నే మాట్లాడనివ్వడం అందులోని ప్రాణం. ఎదురుగా నిలబడి నిలదీయకుండా పక్కన నిలబడాలి. ఇద్దరి చూపూ ఒకే దిక్కుకు, నేల వైపు ఉండాలి. మెలికలు తిరిగిన బాటను వదిలి అడ్డంగా దిగుతున్న వ్యక్తితో 'ఇలా దిగకూడదండీ, నిషేధం' అంటే గొడవ మొదలవుతుంది. 'నమస్కారం, పైనుంచేనా వస్తున్నారు? ఇటు చూడండి, అడ్డదారిలో దిగిన చోట మట్టి ఎలా జారిందో. వాన పడితే నీళ్లు నేరుగా ఈ గాడిలోనే పరుగెత్తి కింద బాటను కోసేస్తున్నాయి. ఆ మలుపు చుట్టూ వెళితే ఇక్కడ మళ్లీ గడ్డి పట్టే అవకాశం ఉంటుంది' అని చెబితే చాలామంది వింటారు. వినకపోయినా మీ పిల్లలు విన్నారు కదా. ఈ సంభాషణను ఇద్దరిద్దరుగా నటింపజేయండి. ఎదుటి పాత్ర వేసేవారిని మొండిగా ఉండమనండి. గొంతు ఎప్పుడు పెరుగుతుందో, వేలు ఎప్పుడు పైకి లేస్తుందో చూసేవాళ్లు గమనించి చెప్పాలి.

పిల్లల వయసును బట్టి చెప్పే కారణం మారాలన్నది కూడా గుర్తు చేయండి. నైతిక ఎదుగుదల మీద లారెన్స్ కోల్‌బర్గ్ చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. చిన్నపిల్లలకు మెప్పు, మందలింపు అర్థమవుతాయి. కాస్త పెద్దయ్యాక తోటివాళ్లు ఏమనుకుంటారన్నది ముఖ్యమవుతుంది. 'ఇది సరైనది కాబట్టి చేస్తాను' అన్న దశ ఆ తర్వాత వస్తుంది, అందరికీ రాకపోవచ్చు కూడా. ఉపాధ్యాయుడి లక్ష్యం మాత్రం ఎప్పుడూ ఆ చివరి దశ వైపే ఉండాలి, ఎందుకంటే కొండ మీద చూసేవాళ్లు ఉండరు.

ఇక మీ అనుభవజ్ఞుడైన సహచరుడి ప్రశ్న. దాన్ని ధిక్కారంగా తీసుకోకండి, ఆయన నిజంగానే అడుగుతున్నారు. ఆయన ఒక్కరి వల్ల అడవికి ఏమీ కాలేదన్నది నిజమే కావచ్చు. అయితే ఆయన వెంట నేర్చుకున్న పిల్లలు పెద్దవాళ్లై తమ మిత్రులను తీసుకెళతారు, అదే వాగు ఒడ్డుకు. నష్టం కలిపి లెక్క వేయవలసినది. వాదించే బదులు ఆయనకు ఒక పని అప్పగించండి. ఆయనకు బాగా తెలిసిన ఒక బస చోటును ఎంచుకుని, ఎంత మేర బోడినేల ఉందో తాడుతో కొలిచి, ఎన్ని చెట్ల వేళ్లు బయటపడ్డాయో లెక్కపెట్టి, ఒకే చోట నిలబడి ఫోటోలు తీసి, ప్రతి ఏటా అదే కాలంలో మళ్లీ కొలవమనండి. అడవి ఎలా ఉండేదో గుర్తున్న మనిషి చేతికి కొలత కూడా అందితే మీ శిక్షణకు అంతకంటే మంచి గురువు దొరకడు. పాత యాత్రల ఫోటోలు ఆయన దగ్గర ఉంటే అవి ఇంకా విలువైనవి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ సూత్రాలు సరదాకోసం, చదువుకోసం వెళ్లే సందర్శకుల కోసం రూపొందినవి. తరతరాలుగా ఆ అడవిలోనే బతుకుతూ, అక్కడి కట్టెలు, పండ్లు, దుంపల మీద ఆధారపడినవారికి వీటిని బోధించే హక్కు మనకు లేదు. వాళ్లను చూసి మన పిల్లలు 'వాళ్లు తప్పు చేస్తున్నారు' అనుకునేలా పాఠం ఉండకూడదు. వీలైతే వాళ్లలో ఒకరినే గురువుగా పిలిచి, ఏ కాలంలో ఏది కోయరో, ఎందుకు కోయరో అడిగి తెలుసుకోండి. మరో విమర్శ కూడా మీ వాళ్ల దాకా వస్తుంది. కొండ మీద ఆనవాలు మిగల్చకుండా ఉండటానికి మనం కొనే నైలాన్ గుడారం, గ్యాస్ డబ్బా ఎక్కడో గనిలో, కర్మాగారంలో పెద్ద ఆనవాలే మిగిల్చి వస్తాయి కదా అని తెలివైన విద్యార్థి ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నను కొట్టిపారేయవద్దని, అది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకోమని నేర్పండి. ఉన్న సామగ్రిని బాగుచేసుకుని వాడటం, అరువు ఇచ్చిపుచ్చుకోవడం, దూరప్రాంతాలకు బదులు దగ్గరి చోట్లకు వెళ్లడం కూడా ఈ పాఠంలో భాగమే.

ధ్రువపత్రం ఇచ్చే కోర్సులకు పంపవచ్చు. కానీ అందరినీ పంపనక్కరలేదు. ఒకరిద్దరిని, అదీ తోటివారికి ఓపికగా నేర్పగల స్వభావం ఉన్నవారిని, పూర్తి క్షేత్ర కోర్సుకు పంపి, తిరిగి వచ్చాక మీ శిక్షణను వాళ్ల చేత నడిపించండి. ధ్రువపత్రం పని ప్రారంభించడానికి అనుమతి లాంటిది, అంతవరకే దాని విలువ. మీరు ఇచ్చే తుది మార్కులు మాత్రం రాతపరీక్షతో కాకుండా, ప్రతి ఉపాధ్యాయుడి తొలి యాత్రలో మీరో, శిక్షణ పొందిన సహచరుడో వెంట ఉండి చూసి ఇవ్వండి. వెంట వెళ్లినవారు మధ్యలో సరిదిద్దకూడదు, ప్రమాదం ఉంటే తప్ప. రాత్రి అందరూ పడుకున్నాక ఇద్దరూ కూర్చుని, 'ఈ రోజు ఏ నిర్ణయం దగ్గర తటపటాయించారు?' అని అడిగితే చాలు, మాట అక్కడి నుంచి సాగుతుంది. వాగు ఒడ్డున గుడారాలు వేసిన ఆ బృందంతోనే మొదలుపెట్టండి. వాళ్లను మందలించకుండా, అదే చోటికి తాడు, చేతిపార పట్టుకుని మళ్లీ తీసుకెళ్లండి. ఈసారి మధ్యాహ్నం మూడు గంటలకే అక్కడికి చేరేలా చూసుకోండి.